బందరుకోటలో ఇప్పుడు చూడ్డానికి ఏముంది? అసలు గోడలు ఏమయ్యాయి?

బందరు అల్లుడు అడిగారు:

మా అత్తగారిది బందరు (మచిలీపట్నం). పండక్కి వెళ్తే మంగినపూడి బీచి, చిలకలపూడి పాండురంగడి గుడి, కోనేరు సెంటర్లో టిఫిను, తిరిగి హైదరాబాదు. ఎన్నేళ్ళుగానో ఇదే వరస. ఈసారి మావాడు (ఎనిమిదో తరగతి) కోట చూపించమని పట్టుబట్టాడు. సోషల్ పాఠంలో మచిలీపట్నం పేరు వచ్చిందట.

మా మామగారిని అడిగితే "అక్కడేముందయ్యా, తుప్పలు" అని కొట్టిపారేశారు. మా బావమరిది అది డచ్చివాళ్ళ కోట అంటాడు. పక్కింటాయన ఇంగ్లీషువాళ్ళది అంటారు. తేలక, ముందు నేనొక్కణ్ణే బండి మీద వెళ్ళి చూసొచ్చాను. బందరుకోట అని ఒక ఊరుంది. ఆయుధాగారం అని చూపించిన పాత ఇటుక కట్టడం ఒకటి ఉంది. గోల్కొండలోలాగా ప్రాకారం, సింహద్వారం, ఎక్కి చూడ్డానికి బురుజు, ఏవీ లేవు. ఇది చూపించి "ఇదేరా కోట" అంటే మావాడు నా మొహం మీదే నవ్వుతాడు.

ఎవరు కట్టారు, ఇక్కడ ఎవరు ఎవరితో కొట్టుకున్నారు, గోడలు ఎటుపోయాయి? తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి. నెట్‌లో చూస్తే ఒక్కోచోట ఒక్కోలా ఉంది.

గిలకలదిండి కుర్రోడు:

అన్నా, గోడలు లేవు. మా చిన్నప్పటి నుంచీ లేవు. ఎండాకాలం పిల్లల్ని తీసుకెళ్ళకండి, నీడ ఉండదు. తుప్పల్లోకి దిగొద్దు, పాములు ఉంటాయి. హిస్టరీ కావాలంటే మాస్టారు వస్తారు చూడండి, కోట పేరు కనబడితే ఆగరు.

రిటైర్డ్ సోషల్ మాస్టారు:

వచ్చాను.

అల్లుడుగారూ, మీ మామగారు చెప్పిందీ నిజమే, మీ అబ్బాయి అడిగిందీ న్యాయమే. నేను బందర్లో పుట్టి, ఈ ఊళ్ళోనే హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యాను. తొమ్మిదో తరగతి పిల్లల్ని సైకిళ్ళ మీద కోటకి తోలుకుపోవడం నాకు అలవాటు. ప్రతి బ్యాచిలోనూ ఒకడు "గోడ ఏదండీ మాస్టారూ?" అనేవాడు. వాణ్ణి రోడ్డు వారగా నిలబెట్టి పర్ర (ఉప్పునీటి చిత్తడి నేల) చూపించేవాణ్ణి. బందరుకోటకి గోడ కంటే పెద్ద కాపలా ఆ బురద. ఇది అర్థం కాకుండా ఆ ఇటుక కట్టడం చుట్టూ ఎన్నిసార్లు తిరిగినా ఏమీ కనబడదు.

ముందు ఎవరిది అన్న గొడవ తేల్చుకుందాం. బందరు గోల్కొండ కుతుబ్‌షాహీల రేవు. డచ్చివాళ్ళు 1605 ప్రాంతంలో వచ్చారు, ఇంగ్లీషువాళ్ళు 1611లో గ్లోబ్ అనే ఓడలో దిగారు. కలంకారీ అద్దకం బట్టలు, నీలిమందు, అదీ వాళ్ళ యావ. అప్పట్లో వాళ్ళకి ఉన్నవి ఊళ్ళో కొఠీలు, గిడ్డంగులు. వలందపాలెం (డచ్చివాళ్ళది), ఇంగ్లీషుపాలెం, ఫరాసుపేట (ఫ్రెంచివాళ్ళది) అని మీరు రోజూ ఆటోవాడికి చెప్పే పేర్లన్నీ ఆ రోజులవే. కోటని డచ్చి కోట అనడం ఊళ్ళో ఉన్నమాటే కానీ, దీనికి చరిత్రలో చోటు దొరికింది ఫ్రెంచివాళ్ళ చేతిలో ఉండగా. 1750లో వాళ్ళు బందరు పట్టుకున్నారు, కోటని ఫిరంగి యుద్ధానికి తగ్గట్టు బలపరిచారు. 1753లో హైదరాబాదు పాలకుడు సలాబత్ జంగ్ దగ్గర ఫ్రెంచి సేనాని బుస్సీ ఉత్తర సర్కార్లు (ఈ కోస్తా జిల్లాలు) రాయించుకున్నాక, ఆ సర్కార్లన్నిటికీ సముద్రం వైపు తాళం ఈ కోటే.

ఇక కోట ఎలా ఉండేదో చెప్తాను. మీ అబ్బాయికి కాగితం మీద గీసి చూపించండి. ఊరికి మైలున్నర దూరంలో, సముద్రం వైపు. వంకర టింకర దీర్ఘచతురస్రం, పొడవు సుమారు 800 గజాలు. పదకొండు బురుజులు, ఒకదానికొకటి పోలిక లేదు. దక్షిణాన సముద్రపు పాయ, పోటుకి నిండుతుంది. మిగతా మూడు వైపులా ఊబి. ఊరి నుంచి ఒకే ఒక్క కట్టబాట, దాని చివర వాయవ్యాన ఒకే ఒక్క ద్వారం, ద్వారం ముందు మళ్ళీ ఒక అడ్డుకట్టడం. గోడలు మట్టివి, పైన ఇటుక తొడుగు.

మట్టి అనేసరికి చిన్నచూపు చూడకండి. కృష్ణా డెల్టాలో రాయి ఎక్కణ్ణుంచి వస్తుంది? ఎంత తవ్వినా ఒండ్రే. పైగా ఫిరంగి గుండు రాతిగోడకి తగిలితే రాయి పగిలి ముక్కలు లోపలివాళ్ళ మీదే పడతాయి. మట్టికట్టకి తగిలితే అందులో కూరుకుపోతుంది. రాత్రికి నాలుగు తట్టల మట్టి పోసి పూడ్చుకుంటే పొద్దున్నకి మళ్ళీ కోట కోటే. 1759లో ఇంగ్లీషువాళ్ళు రెండు వారాలు కొట్టినా జరిగింది అదే. పగలు వాళ్ళు పడగొట్టడం, రాత్రి వీళ్ళు పూడ్చుకోవడం.

ఆ 1759 కథ చెప్పకుండా మిమ్మల్ని వదల్ను.

బెంగాల్ నుంచి ఇంగ్లీషు కంపెనీ పెద్ద క్లైవ్ పంపిన కల్నల్ ఫోర్డ్, 1758 డిసెంబరులో పిఠాపురం దగ్గర చందుర్తిలో ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్స్‌ని ఓడించాడు. కాన్‌ఫ్లాన్స్ పరుగు పరుగున బందరు చేరి కోటలో తలుపులేసుకున్నాడు. ఫోర్డ్ మార్చి 6న ఊళ్ళోకి వచ్చాడు. ఇక్కడొక తమాషా ఉంది. కోట ముట్టడించేవాడి దగ్గర లోపలివాళ్ళకి రెండింతలో మూడింతలో మనుషులు ఉండాలి. ఇక్కడ తిరగబడింది. లోపల సుమారు 500 మంది యూరోపియన్లు, రెండువేల పైచిలుకు సిపాయిలు. బయట ఫోర్డ్ దగ్గర మూడొందల చిల్లర యూరోపియన్లు, 1400 మంది సిపాయిలు. జీతాలు లేవు. దోపిడీ సొమ్ములో వాటా తేల్చమని సోల్జర్లు ఎదురు తిరిగారు, ఫోర్డ్ బుజ్జగించి దారికి తెచ్చుకున్నాడు. అవతల సలాబత్ జంగ్ పెద్ద సైన్యంతో బెజవాడ దాకా వచ్చి కూర్చున్నాడు. ఇంకో ఫ్రెంచి దండు వెనకనుంచి తిరుగుతోంది. ఏప్రిల్ మొదటి వారంలో భారీ వాన, పర్రంతా నీళ్ళు. అప్పుడు ఫిరంగుల ఆఫీసర్లు వచ్చి చెప్పిన మాట, తుపాకిమందు ఇంకో రెండు రోజులకే సరిపోతుందని.

ఇంకొకడైతే ఓడెక్కి పోయేవాడు. ఫోర్డ్ ఏప్రిల్ 7 అర్ధరాత్రికి ముహూర్తం పెట్టాడు. ఆ వేళకి పోటు బాగా తీసేసి, అగడ్తలో నీళ్ళు మూడడుగులకి మించి ఉండవు. పంచాంగం చూసినట్టు సముద్రాన్ని చూసుకున్నాడన్నమాట. కెప్టెన్ నాక్స్‌ని 700 మంది సిపాయిలతో నైరుతి వైపు పంపించాడు. అటు ఊబి దాటి ఎవరూ రాలేరని ఫ్రెంచివాళ్ళ ధీమా. ఇంగ్లీషువాళ్ళతో కలిసొచ్చిన విజయనగరం రాజుగారి మనుషులు ద్వారం వైపు కట్టబాట మీద గోల చేయాలి. అసలు దెబ్బ ఈశాన్యాన, ఫిరంగులు నలగ్గొట్టిన బురుజు దగ్గర. మోకాలు లోతు బురదలో కాళ్ళీడ్చుకుంటూ పోయి, నీళ్ళలో నిలబడే కర్రల కంచె నరికి పైకెక్కారు.

లోపల జరిగినదాన్లో నేను క్లాసులో ఎప్పుడూ చెప్పేది కెప్టెన్ యార్క్ సంగతి. గోడ వెంబడి బురుజు మీద బురుజు పట్టుకుంటూ పోతుంటే, మందుగుండు కొట్టు చూసి ఎవడో "మందుపాతర!" అని అరిచాడు. సోల్జర్లందరూ వెనక్కి పరుగు. యార్క్ పక్కన మిగిలింది డప్పు వాయించే ఇద్దరు నల్లకుర్రాళ్ళు. వాళ్ళు పారిపోలేదు, దరువు ఆపలేదు. యార్క్ వెనక్కి వెళ్ళి తిట్టి బతిమాలి 36 మందిని పోగేసుకొచ్చాడు. ఈలోపు తర్వాతి బురుజులో ఫ్రెంచివాళ్ళు ఫిరంగిని ఇటు తిప్పి సిద్ధంగా ఉన్నారు. దగ్గరికి రానిచ్చి పేల్చారు. యార్క్‌కి రెండు తొడల్లోంచీ గుళ్ళు దూసుకుపోయాయి, బతికాడు. డప్పు కుర్రాళ్ళిద్దరూ పక్కనే చచ్చిపోయారు. ఆఫీసర్ల పేర్లు, ఊరూ పేరూ అన్నీ పుస్తకాల్లో ఉన్నాయి. ఆ ఇద్దరి పేర్లు ఒక్కచోట కూడా లేవు. నాకు దాని మీద ఇప్పటికీ కోపమే.

నాలుగు వైపులా అరుపులు వినబడుతుంటే కాన్‌ఫ్లాన్స్ చీకట్లో ఏ వైపు ఎంతమందో తేల్చుకోలేకపోయాడు. తెల్లారేసరికి కోట ఇంగ్లీషువాళ్ళది. ఫిరంగులే 120 దొరికాయి. వారం తిరక్కుండా ఫ్రెంచివాళ్ళ ఓడలు రెండు, 300 మంది సోల్జర్లతో బందరు ముందుకొచ్చి, జెండా మారిందని తెలుసుకుని వెళ్ళిపోయాయి. వారం!

భోజనానికి పిలుస్తున్నారు. గోడల సంగతి తర్వాత.

విజయనగరం వాసి:

మాస్టారూ, చాలా బాగా చెప్పారు. కానీ మా రాజుగారిని "గోల చేసే మనుషులు" దగ్గర ఆపేశారేంటండీ? అసలు ఇంగ్లీషువాళ్ళని పిలిచిందే ఆనంద గజపతిరాజు గారు కదా. 1757 బొబ్బిలి యుద్ధం తర్వాత ఫ్రెంచివాళ్ళ మీద ఆయనకున్న మంట లేకపోతే ఫోర్డ్ ఈ తీరానికే వచ్చేవాడు కాదు. ప్రతి పుస్తకంలోనూ క్లైవ్, ఫోర్డ్, అంతే. మనవాళ్ళు ఎప్పుడూ వెనక వరసలోనే.

రిటైర్డ్ సోషల్ మాస్టారు:

పిలిచింది ఆయనే, ఒప్పుకుంటాను. మద్రాసువాళ్ళని కదపలేక కలకత్తాకి రాసి క్లైవ్‌ని ఒప్పించడం చిన్న పని కాదు. అయితే మిగతా సగం కూడా చెప్పుకోవాలి. సైన్యం ఖర్చుకి నెలకి 50 వేల రూపాయలు ఇస్తానని ఒప్పుకున్నది కూడా ఆయనే. చందుర్తి గెలిచాక ఆ డబ్బు బయటకి రాలేదు. వెంటనే బందరు మీద పడితే కాన్‌ఫ్లాన్స్ ఊపిరి తీసుకునేవాడు కాదు. డబ్బు బేరాల్లోనే వారాలు గడిచిపోయాయి. బెజవాడకి సలాబత్ జంగ్ వచ్చాడని తెలియగానే రాజుగారు ఇంటిదారి పట్టబోతే, ఫోర్డ్ మనిషిని పంపి నచ్చజెప్పి వెనక్కి రప్పించాల్సి వచ్చింది.

ఆయన్ని తప్పుపట్టడం లేదు. పరాయివాడు ఓడెక్కి పోతాడు, రాజు సంస్థానం ఇక్కడే ఉంటుంది. సలాబత్ జంగ్ గెలిస్తే మొదట తెగే తల ఎవరిది? ఆయన లెక్క ఆయనది.

ఇంకో విషయం. ఈ గెలుపుతో 1759 మే 14న సలాబత్ జంగ్‌తో ఒప్పందం జరిగింది. మచిలీపట్నం సర్కారు, నిజాంపట్నం, కొండవీడు వగైరా ఈస్టిండియా కంపెనీకి దక్కాయి, ఫ్రెంచివాళ్ళని కృష్ణ దాటించేస్తానని ఆయన మాటిచ్చాడు. ఇంత చేసిన ఫోర్డ్‌కి లండన్ డైరెక్టర్లు హోదా ఖాయం చెయ్యలేదు. చివరికి 1769లో అరోరా అనే ఓడలో వస్తూ ఓడతో సహా సముద్రంలో గల్లంతయ్యాడు. మీ రాజుగారొక్కరే కాదు, ఆ కంపెనీ ఎవరి బాకీ సరిగ్గా తీర్చింది గనక!

బందరు అల్లుడు:

మాస్టారూ, మావాడికి చదివి వినిపించాను. డప్పు కుర్రాళ్ళ దగ్గర మళ్ళీ చదవమన్నాడు. రెండు డౌట్లు. ఒకటి, అంత కోట 250 ఏళ్ళలో ఆనవాలు లేకుండా ఎలా పోయింది? రెండు, ఫ్రెంచివాళ్ళు వెళ్ళిపోతే ఫరాసుపేట ఎలా మిగిలింది?

రిటైర్డ్ సోషల్ మాస్టారు:

రెండోది ముందు చెప్తాను, చిన్నది కాబట్టి. కోట పోయింది గానీ, తర్వాతి సంధుల్లో ఫ్రెంచివాళ్ళకి వర్తకం కోసం ఊళ్ళో కొంచెం చోటు తిరిగి దక్కింది. కోట లేదు, సైన్యం లేదు, ఆ చిన్న ముక్క మీద హక్కు మాత్రం వాళ్ళదే. అది మన దేశానికి అప్పగించింది 1947 అక్టోబరులో. బ్రిటిష్ వాళ్ళు ఆగస్టులో వెళ్ళిపోయాక కూడా రెండు నెలల దాకా బందర్లో ఫ్రాన్సు ఉందన్నమాట. ఈ ముక్క చెప్తే మీవాడు క్లాసులో హీరో అయిపోతాడు.

ఇక గోడలు. మట్టిగోడకి ఇటుక తొడుగు ఉన్నంతకాలమే బతుకు. ఎవరైనా మరమ్మతు చేస్తూ ఉండాలి. ఇంగ్లీషువాళ్ళకి మద్రాసు ముఖ్యమైపోయింది, బందరు ముందు సముద్రం చూస్తే లోతు లేదు. పెద్ద ఓడలు మైళ్ళ దూరంలో లంగరేసుకుని, సరుకంతా పడవల్లో దింపుకోవాలి. కోటకి కాపలాగా పనికొచ్చిన ఆ బురద మేటే (పేరుకున్న ఒండ్రు) రేవుకి ఉరితాడైంది. దానికి తోడు లోపల ఉన్న పటాలాలకి జ్వరాలు. చుట్టూ మురుగు, పైన ఉప్పుగాలి, తాగునీటికి కటకట.

ఆ మీద 1864 నవంబరు 1 రాత్రి ఉప్పెన. మామూలు పోటు మట్టం కంటే 13 అడుగుల ఎత్తున సముద్రం ఊరి మీదకి వచ్చింది. నీళ్ళు లోపలికి 17 మైళ్ళ దాకా పోయాయంటారు. చచ్చిపోయినవాళ్ళు సుమారు 30 వేల మంది. రాత్రి పూట రావడంతో ఎటు పరిగెత్తాలో కూడా ఎవరికీ తెలియలేదు. మా ఇళ్ళల్లో ముసలివాళ్ళు ఏదైనా పాత సంగతి చెప్పాలంటే "ఉప్పెనకి ముందు", "ఉప్పెన తర్వాత" అనే చెప్పేవారు, వాళ్ళు చూసింది కాకపోయినా. తర్వాత కోటకి సైనికంగా విలువ మిగల్లేదు. ఇటుకలు ఊడాయి, ఊడినవి జనం పట్టుకుపోయారు (మా మేనమామగారింటి అరుగులో కోట ఇటుకలున్నాయని ఆయన గొప్పగా చెప్పేవారు). తొడుగు పోయిన మట్టి వానకి కరిగింది, దిబ్బ పర్రలో కలిసింది. రాతికోట కూలితే శిథిలం మిగులుతుంది. మట్టికోట కూలితే నేల కాస్త ఎత్తుగా ఉంటుంది, అంతే. ఆ ఎత్తు చూడ్డం నేర్చుకోవాలి.

బందరు అల్లుడు:

అయితే ఏ వరసలో చూపించమంటారు? ఒక పూట టైము ఉంది.

రిటైర్డ్ సోషల్ మాస్టారు:

పొద్దున్నే బయల్దేరండి. మొదట ఊళ్ళో డచ్చి సమాధులు చూపించండి, పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. పలకల మీద వంశ చిహ్నాలు, డచ్చి అక్షరాలు భలే లోతుగా చెక్కారు. రాతి మీద చెయ్యి పెట్టి అక్షరం వెంట వేలు పోనివ్వమనండి, ఎక్కకుండా. అక్కడ పిల్లలకి కాస్త ఉత్సాహం వస్తుంది.

తర్వాత కోట దారి. బండి మీద రయ్యిన పోకండి. ఊరు దాటాక ఒకచోట ఆపి రెండు పక్కలా చూపించండి: ఉప్పు పేరుకున్న తెల్లటి పర్ర, మధ్యలో నీటి చారలు, అక్కడక్కడా మడచెట్లు. "ఇందులోంచి రాత్రిపూట, నెత్తిన తుపాకీ పెట్టుకుని, చప్పుడు చెయ్యకుండా నడవాలి" అని చెప్పండి. ఆ తర్వాత ఇటుక కట్టడం దగ్గరికి తీసుకెళ్ళండి. గోడ మందం చూపించండి, సున్నం ఊడినచోట ఇటుక పేర్పు చూపించండి. గుమ్మంలోకి మాత్రం వెళ్ళనివ్వకండి, పైకప్పుల్ని నమ్మలేం. చివర్లో పాయ వైపు వెళ్ళి నీళ్ళు ఎటు పోతున్నాయో గమనించమనండి. పోటు వేళ ఒకలా, తీసేవేళ ఒకలా ఉంటుంది. పోటు టైము పడవలవాళ్ళని అడిగితే చెప్తారు.

బీచికి వెళ్ళేటప్పుడు కొత్త పోర్టు పనులు కనబడతాయి. సముద్రాన్ని తవ్వి లోతు చేస్తున్నారు. ఫ్రెంచివాళ్ళకీ ఇంగ్లీషువాళ్ళకీ చేతకానిది మిషన్లతో అవుతోంది. చూద్దాం, మేట ఏమంటుందో.

విజయనగరం వాసి:

మాస్టారూ, చందుర్తి కూడా ఎవరైనా ఇలా చూపిస్తే బాగుండు. మేము గొల్లప్రోలు మీదుగా ఎన్నిసార్లు వెళ్ళినా అక్కడ ఒక యుద్ధం జరిగిందని ఎవరూ చెప్పరు.

రిటైర్డ్ సోషల్ మాస్టారు:

దానికి వేరే పోస్టు మొదలుపెట్టండి, వస్తాను. ఇక్కడ రాస్తే ఈయన కోట మర్చిపోతాడు.

గిలకలదిండి కుర్రోడు:

అల్లుడుగారూ, ఆదివారం అయితే చెప్పండి, నేనూ వస్తా. పోటు టైము మా నాన్నని అడిగి ముందురోజు పెడతా. పిల్లాడికి బూట్లు వెయ్యకండి, పాత చెప్పులు వెయ్యండి. పర్రలో ఒక అడుగు తప్పు పడితే కాలు వస్తుంది గానీ బూటు రాదు.